నడుమ క్యూ ఉన్న మాట

"తాతయ్యా, ఐదక్షరాల ఇంగ్లీషు మాట చెప్పు. సరిగ్గా నడుమ క్యూ ఉండాలి."

మా మనవరాలు ఇలాంటివి అడిగితే నేను వెంటనే చెప్పను. చెప్పేస్తే అడగడం మానేస్తుంది. డిక్షనరీ చూసుకోవే అంటాను. అది వెళ్ళి క్యూ దగ్గర తెరుస్తుంది. అక్కడున్నవన్నీ క్యూతో మొదలయ్యేవే. నడుమ క్యూ ఉన్నవి ఆ లావుపాటి పుస్తకంలో ఎక్కడెక్కడ దాక్కున్నాయో ఎవరికి తెలుసు?

డిక్షనరీతో చిక్కే అది. మాటల్ని మొదటి అక్షరం బట్టి, అది ఒకటే అయితే రెండో అక్షరం బట్టి వరసపెట్టారు. అర్థం తెలియని మాట ఎదురైతే వెతుక్కోవడానికి ఆ వరస భేషుగ్గా పనికొస్తుంది. కానీ మాటలాటలు అడిగే ప్రశ్నల తీరు వేరు. మూడోది క్యూ, చివరి రెండూ జీ హెచ్, ఈ ఏడక్షరాలతో ఏమేం వస్తాయి... ఇలా అడిగితే ఆ పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవాల్సిందే. ఎవరికి ఓపిక?

కాబట్టి వెతికే ముందు కాస్త ఆలోచిద్దాం తల్లీ. ఇంగ్లీషులో క్యూ వచ్చిందంటే దాని వెనకాలే యూ వస్తుంది, అరబ్బీ నుంచో చైనా నుంచో దిగుమతైన కొద్ది మాటల్లో తప్ప. అంటే మూడోది క్యూ అని చెప్పినవాళ్ళు నాలుగోది యూ అని కూడా చెప్పేసినట్టే. ఆ యూ తర్వాత సాధారణంగా అచ్చే రావాలి. మాట అక్కడే అయిపోతోంది కాబట్టి, ఆ అచ్చు చాలావరకు ఈ అయి ఉంటుంది. చూశావా, ఐదు గళ్ళలో మూడు నిండిపోయాయి. మిగిలిన రెంట్లో పీ, ఐ పెట్టు, పీక్ అనే మాట వస్తుంది. ఎవరైనా చిన్నబుచ్చితే మనసులో పుట్టే చిరుకోపం. టీ, ఓ పెట్టు, టోక్. పెద్ద హోటళ్ళలో వంటమాస్టర్లు పెట్టుకుంటారే, ఆ పొడుగాటి తెల్ల టోపీ.

అదే "ఈ ఉన్న మాట చెప్పు" అని అడిగి ఉంటే? వేలకు వేలున్నాయి. ఏది చెప్పినా చెల్లుతుంది, ఏదీ పట్టుబడదు. అరుదుగా వచ్చే అక్షరం బోలెడు కబురు మోసుకొస్తుంది, అడుగడుక్కీ వచ్చే అక్షరం దగ్గర చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు. మాటలాటల్లో సగం సైన్సు ఇక్కడే ఉంది.

మరి ఏది అరుదో, ఏది తరచో లెక్కపెట్టింది ఎవరంటావా? అక్షరాలు లెక్కపెట్టే విద్య చాలా పాతది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్‌కిందీ అనే పండితుడు రహస్య లిపులు విప్పే ఉపాయం రాసిపెట్టాడు. భాషలో ఏ అక్షరం ఎక్కువగా వస్తుందో చూడు, రహస్య లేఖలో ఏ గుర్తు ఎక్కువగా వస్తుందో చూడు, రెంటినీ జతపరుచు. అంతే. వెయ్యేళ్ళ తర్వాత అమెరికాలో టెలిగ్రాఫు కోసం మోర్స్‌తో కలిసి పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ వెయిల్‌కి కూడా ఇదే అవసరం పడింది. ఎక్కువగా వాడే అక్షరానికి పొట్టి సంకేతం ఇస్తే తంతి తొందరగా వెళుతుంది కదా. అతను అక్షరాలు లెక్కపెడుతూ కూర్చోకుండా ఒక అచ్చాఫీసుకి వెళ్ళి, కంపోజిటర్ల అరల్లో ఏ అక్షరం టైపు ఎంతుందో చూసుకున్నాడంటారు. నాకు ఈ కథంటే మహా ఇష్టం. తెలివైన బద్ధకం అంటే అదీ! అందుకే మోర్స్ సంకేతాల్లో ఈకి ఒకే ఒక చుక్క, టీకి ఒకే ఒక గీత. పాపం క్యూకి గీత, గీత, చుక్క, గీత.

అంత తెలివీ బద్ధకమూ లేని మనిషి ఆల్‌ఫ్రెడ్ బట్స్. న్యూయార్కు వాడు, ఆర్కిటెక్టు. 1930ల ఆర్థికమాంద్యంలో ఉద్యోగం పోయింది. ఊరికే కూర్చోలేక ఒక ఆట కనిపెట్టే పనిలో పడ్డాడు. పత్రికల పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చేత్తో లెక్కపెట్టాడు. ఆ లెక్కను బట్టే ఆటబిళ్ళలు తయారుచేశాడు. ఆ ఆటను 1948లో జేమ్స్ బ్రూనో అనే ఆయన తీసుకుని స్క్రాబుల్ అని పేరు పెట్టాడు. పెట్టెలో మొత్తం 100 బిళ్ళలుంటాయి, అందులో రెండు ఖాళీవి. ఈ బిళ్ళలు 12, ఒక్కోటి ఒకే పాయింటు. క్యూ ఒకటి, జెడ్ ఒకటి, తలా పది పాయింట్లు. ఎస్ మాత్రం నాలుగే. ఏ నామవాచకం చివర తగిలించినా బహువచనమైపోతుంది కాబట్టి, ఎక్కువిస్తే ఆట మరీ తేలికైపోతుందని కావాలనే తగ్గించాడు.

ఇక్కడో మెలిక ఉంది. చాలామంది దీన్ని పట్టించుకోరు. పత్రికలో అక్షరాలు లెక్కపెట్టడమూ, డిక్షనరీలో లెక్కపెట్టడమూ ఒకటి కాదు. పత్రికలో "ద" అనే మూడక్షరాల మాట ప్రతి వాక్యంలోనూ రెండుమూడు సార్లు తగులుతుంది. వచ్చినప్పుడల్లా టీ ఒకటి, హెచ్ ఒకటి లెక్కలో చేరతాయి. డిక్షనరీలో అది ఒక్కసారే ఉంటుంది. అందుకని మామూలు రాతలో నూటికి ఆరు దాకా ఉండే హెచ్, డిక్షనరీ మాటలు మాత్రమే లెక్కిస్తే మూడుకి పడిపోతుంది. టీ కూడా తొమ్మిది నుంచి ఏడుకి దిగుతుంది. ఏ, ఆర్, ఐ ఎగబాకుతాయి. ఈ మాత్రం రెండుచోట్లా పెద్దపీట మీదే ఉంటుంది. నువ్వు ఆడేది మాటలాట కాబట్టి నీకు కావలసింది డిక్షనరీ లెక్క.

ఆ ఈ అక్షరాన్నే వాడకుండా బతగ్గలమా అని అమెరికాలో ఎర్నెస్ట్ విన్సెంట్ రైట్‌కి పట్టుదల వచ్చింది. 1939లో గాడ్స్‌బీ అని ఏభైవేల మాటల నవల రాశాడు, అందులో ఈ లేదు. పొరపాటున పడుతుందేమోనని టైపుమిషన్లో ఆ మీటను కట్టేశాడట. మనవాళ్ళకి ఇది వింతేం కాదులే. దండి రాసిన దశకుమార చరిత్రలో మంత్రగుప్తుడి పెదవులు గాయపడి ఉంటాయి. అందుకని అతను చెప్పే కథంతా ప ఫ బ భ మలు లేకుండా, పెదవి పెదవికి తగలకుండా నడుస్తుంది.

సరే, వర్డిల్ దగ్గరికి వద్దాం. నువ్వు రోజూ పొద్దున్నే పళ్ళైనా తోముకోకుండా ఆడేది అదే కదా. దాన్ని తయారుచేసిన జాష్ వార్డిల్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. మాటలాటలంటే ఇష్టపడే తన భాగస్వామి పాలక్ షా కోసం చేసి, 2021 అక్టోబరులో అందరికీ వదిలాడు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ దాన్ని కొనేసింది. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు 12 వేల దాకా ఉన్నాయి. వాటిలో చాలా మాటలు ఎవరూ కనీవినీ ఎరగనివి. పాలక్ వాటిని ఒక్కొక్కటే చూసి తనకి తెలిసినవి, తెలియనివి అని వేరుచేస్తే, జవాబులుగా పనికొచ్చేవి రెండున్నర వేలకి తగ్గాయి. కాబట్టి ఆ ఆటలో పాండిత్యం ప్రదర్శించబోకు. నలుగురి నోటా ఆడే మాటే జవాబు అవుతుంది.

నువ్వు వేసిన మాటలో అక్షరం సరైన చోటే ఉంటే ఆకుపచ్చ, ఉందిగానీ చోటు తప్పితే పసుపుపచ్చ, అసలు లేకపోతే బూడిద రంగు. ఈ రంగులు నాకు అవధానాన్ని గుర్తుచేస్తాయి. న్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఏమంటాడు? ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండి తీరాలంటాడు. అది ఆకుపచ్చ. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే, తర్వాత ఇది రాకూడదని అడ్డుపడుతుంటాడు. అది బూడిద రంగు. మధ్యలో ఛందస్సు ఒకటి, అర్థం ఒకటి, పక్కనుంచి అప్రస్తుత ప్రసంగం ఒకటి. నీ ఐదు గళ్ళ ఆట ఆడే బుర్రే అక్కడా పనిచేస్తుంది. కాకపోతే అక్కడ సాధన ఏళ్ళ తరబడి సాగుతుంది, ఫోను ఉండదు.

ఇప్పుడు నిజంగా ఇరుకున పడే సందర్భం ఒకటి చూద్దాం. రెండో అక్షరం ఐ, మూడోది జీ, నాలుగోది హెచ్, ఐదోది టీ. నాలుగూ ఆకుపచ్చే! ఇంకేముంది, గెలిచేశామని చంకలు గుద్దుకుంటాం. మొదటి అక్షరం ఒక్కటే కదా తేలాల్సింది. కానీ ఎయిట్, ఫైట్, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్... ఎనిమిది మాటలున్నాయి. ఇంగ్లీషువాళ్ళే మరిచిపోయిన పాతమాటలు ఇంకొన్ని ఉన్నా వాటిని వదిలేద్దాం. ఒక్కోటీ వేసుకుంటూ పోతే ఎనిమిదో మాట దాకా రావాల్సి రావచ్చు. నీకు మిగిలినవి నాలుగే అవకాశాలు.

"అయితే ఏం చెయ్యాలి తాతయ్యా?"

ఫిల్మ్స్ అని వెయ్యి.

"అది జవాబు కాదుగా! చివర టీ లేదు, నడుమ జీ లేదు. తప్పని తెలిసీ వెయ్యడమా?"

తప్పని తెలిసే వెయ్యాలి. ఆ మాట ఇప్పుడు గెలవడానికి కాదు, అడగడానికి. అందులో ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ నాలుగూ ఉన్నాయి. ఎఫ్ ఆకుపచ్చగా మారితే జవాబు ఫైట్. ఎల్ పసుపుపచ్చయితే లైట్. ఎమ్ అయితే మైట్, ఎస్ అయితే సైట్. నాలుగూ బూడిదే అయితే మిగిలినవి ఎయిట్, నైట్, రైట్, టైట్. అప్పుడు ఇనర్ట్ అని వెయ్యి. ఐ, ఎన్, ఈ, ఆర్, టీ. ఎన్ వెలిగితే నైట్, ఈ వెలిగితే ఎయిట్, ఆర్ వెలిగితే రైట్. మూడూ వెలగకపోతే టైట్. ఇక తిరుగు లేదు, మూడో మాటతో జవాబు వేసి తీరతావు. ఎనిమిదింట్లో ఏదైనా సరే మూడు ఎత్తుల్లో దొరికిపోతుంది. ఆటలో కఠినపద్ధతి పెట్టుకున్నవాళ్ళకి మాత్రం ఈ ఎత్తు కుదరదు. దొరికిన ఆకుపచ్చల్ని వదలకూడదని వాళ్ళకి నియమం. అలాంటివాళ్ళు ముందే జాగ్రత్తపడి, ఈ ఇరుకులోకి రాకుండా ఆడాలి.

ఎనిమిదింట్లో ఒకటి తేల్చడానికి, అవును–కాదు అనే జవాబు వచ్చే ప్రశ్నలైతే మూడు చాలు. ఎనిమిది సగమై నాలుగు, నాలుగు సగమై రెండు, రెండు సగమై ఒకటి. అలాంటి ఒక్కో అవును–కాదునే బిట్ అంటారు. నీ ఫోన్లో బొమ్మలూ పాటలూ కొలిచే బిట్ అదే. ఆ కొలతకి సిద్ధాంతం కట్టిన మనిషి క్లాడ్ షానన్. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసేవాడు, 1948లో ఆ వ్యాసం అచ్చువేశాడు. ఇంగ్లీషులో 26 అక్షరాలూ సమానంగా వస్తున్నాయనుకుంటే ఒక్కో అక్షరం 4.7 బిట్ల కబురు మొయ్యాలి. కానీ అలా రావు కదా. 1951లో ఆయన మనుషుల చేత ఒక వాక్యంలో తర్వాతి అక్షరం ఏమిటో ఊహింపజేసి లెక్కకట్టాడు. ముందు వచ్చిన రాత అంతా కనబడుతుంటే ఒక్కో కొత్త అక్షరం ఇచ్చే కబురు సుమారు ఒక్క బిట్టేనని తేలింది. మిగతాదంతా మనం ముందే ఊహించుకోగలిగిందే. క్యూ తర్వాత యూ అన్నమాట.

ఊహించగలిగేది వృథా అనుకునేవు సుమా. గళ్ళనుడికట్టు ఉండడానికి కారణం అదేనని ఆ 1948 వ్యాసంలోనే షానన్ సరదాగా రాశాడు. ఊహించడానికి ఏమీ లేని భాషలో ఏ అక్షరాలు గుచ్చినా ఏదో ఒక మాట అవుతుంది. గళ్ళు ఎలా నింపినా నుడికట్టే, ఇక అందులో ఆటేముంది? మరీ ఊహించదగ్గ భాషయితే మాటల మీద కట్టుబాట్లు ఎక్కువైపోయి, అడ్డంగా నిలువుగా ఒకదానితో ఒకటి కుదరనే కుదరవు. ఇంగ్లీషులో సగం ఊహకి అందేది, సగం అందనిది అని అప్పట్లో ఆయన అంచనా. సరిగ్గా ఆ పాళ్ళలో ఉంటే కాగితం మీద పెద్ద పెద్ద నుడికట్లు కుదురుతాయి. ఊహకి అందే భాగం మూడో వంతే అయితే, పొడవు వెడల్పులతో పాటు ఎత్తు కూడా ఉన్న నుడికట్లు కట్టొచ్చట! ఆదివారం పేపర్లో పెట్టెలాంటి నుడికట్టు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. మీ అమ్మమ్మ ఇక వంటింట్లోకి వెళ్ళదు.

ఇక మన మొదటి చిక్కుకి వద్దాం. డిక్షనరీ వరస పనికిరావడం లేదు, మరి మిషను ఎలా వెతుకుతుంది? ఒక పద్ధతి మొరటుది. మొత్తం జాబితా చదివేయడం. మనకి ఓపిక లేదుగానీ దానికి ఉంది. 1970ల మొదట్లో, షానన్ పనిచేసిన ఆ బెల్ ల్యాబ్స్‌లోనే కెన్ థాంప్సన్ గ్రెప్ అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. తెలియని గడికి చుక్క పెట్టాలి. రెండు చుక్కలు, క్యూ, మళ్ళీ రెండు చుక్కలు. మాట మొదలూ చివరా అవేనని చెబితే చాలు, జాబితాలో ఆ రూపంలో ఉన్న మాటలన్నీ రెప్పపాటులో వచ్చి పడతాయి. ఇప్పటికీ దాన్ని వాడుతూనే ఉన్నారు.

స్క్రాబుల్ అడిగే ప్రశ్నకి మాత్రం అది చాలదు. అక్కడ చేతిలో ఏడు బిళ్ళలుంటాయి, ఏ వరసలోనైనా పేర్చొచ్చు. ఒకటి మొదలు ఏడు దాకా ఎన్ని వాడుకున్నా సరే, ఏడూ వేర్వేరు అక్షరాలైతే 13,699 పేర్పులు వస్తాయి. ఒక్కోదాన్నీ డిక్షనరీలో వెతకాలా? అక్కర్లేదు. రమ్మీలో ముక్కలు పడగానే ఏం చేస్తాం? అవి ఏ వరసలో వచ్చినా రంగులవారీగా, అంకెలవారీగా సర్దుకుంటాం. సర్దేశాక అదే పదమూడు ముక్కలు ఎప్పుడొచ్చినా చేతిలో ఒకేలా కనిపిస్తాయి. మాటల్ని కూడా అలాగే సర్దాలి. డిక్షనరీలో ఉన్న ప్రతి మాట లోపలి అక్షరాల్నీ ఏ నుంచి జెడ్ వరసలోకి మార్చి, ఆ సర్దిన రూపం కింద అసలు మాట రాసి పెట్టుకోవాలి. ఒక్కసారి ఆ శ్రమపడితే చాలు. నీ చేతిలో ఏ, ఈ, ఐ, ఎన్, ఆర్, ఎస్, టీ పడ్డాయనుకో. సర్దిన రూపం అదే. అక్కడికి వెళ్ళి చూస్తే రిటైన్స్, రెటినాస్, నాస్టియర్, స్టెయినర్ అన్నీ ఒకే గూట్లో కూర్చుని ఉంటాయి. ఏడూ వాడితే 50 పాయింట్లు అదనం కాబట్టి, పోటీలకి వెళ్ళేవాళ్ళు ఇలాంటి గూళ్ళనే బట్టీ పడతారు. ఏడూ వాడకపోయినా, ఏవి తీసుకుని ఏవి వదలాలనే ఎంపికలు 127కి మించవు. పదమూడు వేలెక్కడ, నూట ఇరవై ఏడెక్కడ!

ఇంకో పద్ధతి చెట్టు. మొదటి అక్షరానికో కొమ్మ, దాని మీద రెండో అక్షరానికో రెమ్మ. దీనికి 1960లో ఎడ్వర్డ్ ఫ్రెడ్‌కిన్ ట్రై అని పేరు పెట్టాడు. ఇందులో సుఖం ఏమిటంటే, క్యూ పక్కన జెడ్ పెట్టగానే అక్కడ రెమ్మ లేదని తెలిసిపోతుంది. ఆ దారిలో మిగిలిన ఐదు బిళ్ళల్ని ఎలా పేర్చినా దండగే, వెనక్కి వచ్చేయొచ్చు. 1988లో ఆండ్రూ అపెల్, గై జాకబ్సన్ ఇంకో అడుగు వేశారు. మొదళ్ళు కలిసిన మాటల్నే కాదు, చివరలు కలిసిన మాటల్ని కూడా ఒక్కచోటికి చేర్చారు. దాంతో చెట్టు బాగా చిన్నదైపోయింది, స్క్రాబుల్ ఆడే ప్రోగ్రాములు ఒక్కసారిగా వేగం పుంజుకున్నాయి.

మనుషుల్లోనూ అలాంటి చెట్టు బుర్రలో మోసేవాడు ఒకడున్నాడు. న్యూజీలాండులో పుట్టిన నైజెల్ రిచర్డ్స్. ఇంగ్లీషు స్క్రాబుల్లో ఐదుసార్లు ప్రపంచ విజేత. 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ పోటీకి వెళ్ళి అదీ గెలిచాడు. ఆయనకి ఫ్రెంచి రాదు! తొమ్మిది వారాలు ఫ్రెంచి మాటల జాబితా కంఠతా పట్టాడట, అంతే. 2024లో స్పానిషులోనూ ఇదే కథ. ఇదంతా చూస్తే నాకు కాస్త గుబులుగానే ఉంటుంది. అర్థం తెలియని మాటల్ని అన్ని వేలు మోసుకు తిరగడం నావల్ల కాదు. నాకు పీక్ అంటే ఆ చిరుకోపం గుర్తుకు రావాలి, టోక్ అంటే ఆ టోపీ కనబడాలి.

నీకు కంఠతా పట్టే సరదా ఉంటే కొన్ని మాటలు మాత్రం దాచుకో. యూ లేకుండా క్యూ ఒక్కటే చేతిలో పడి ఏడుస్తుంటే క్యూ ఐ పెట్టు. ప్రాణశక్తికి చైనావాళ్ళ మాట అది, 2006లో అమెరికా ఆటగాళ్ళ జాబితాలోకి ఎక్కింది. ఫకీరుని క్యూతో రాసినా ఒప్పుకుంటారు. ఏ, ఈ, ఐ, ఓ, యూల్లో ఒక్కటీ రాకపోతే రిథమ్ గుర్తు తెచ్చుకో, వై ఒక్కటే అచ్చు పని అంతా చేసేస్తుంది. చేతినిండా అవే వచ్చి పడితే సెకోయా ఉంది, ఆకాశాన్నంటే అమెరికా చెట్టు. ఏడే అక్షరాల్లో ఐదు అచ్చులూ ఉన్నాయి. ఫసీషియస్ అనే మాటలో ఆ ఐదూ వరస తప్పకుండా వస్తాయి. అవే ఐదూ సరిగ్గా తిరగేసిన వరసలో, యూ ముందు, ఏ చివర, వచ్చే మాట కావాలా? మనం ఉండే ఈ ఉపఖండం పేరుతోనే ఉంది, సబ్‌కాంటినెంటల్. రాసి చూసుకో.

ఇక ఫోను పక్కన పెట్టి కాగితం తెచ్చుకో. ఏ, సీ, ఈ, ఆర్, ఎస్, టీ. ఆరూ వాడాలి, ఏదీ రెండుసార్లు రాకూడదు, ఏదీ మిగలకూడదు. అందరికీ తెలిసిన మాటలే కనీసం ఐదున్నాయి. అన్నం తినే వేళకి నాలుగైనా పట్టుకురా. ఐదోది నేను చెప్పను.